హెండ్రిక్ గారి తోటలో పదకొండు పుల్లలు

కెనడా నుంచి వచ్చి నెలన్నర అయింది. వచ్చిన మర్నాటి నుంచీ మా పాలకొల్లులో కనపడ్డ ప్రతివాడూ జలపాతం సంగతే అడుగుతున్నాడు. సెలూన్‌లో నా గడ్డం సగం గీసి, కత్తి గాల్లో ఆపి మరీ అడిగాడు అప్పారావు. చూశానని చెప్పాను. గోదావరికి కోపమొచ్చి నిటారుగా లేచి నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉందన్నాను. ఆ తుంపర్లకు నా కళ్ళజోడు కొట్టుకుపోయి అమెరికా వైపు ఒడ్డుకు చేరిందనీ, అక్కడి పోలీసు దాన్ని వీసా అడిగాడనీ కూడా చెప్పాను. అందులో కళ్ళజోడు పోయిన మాట ఒక్కటే నిజం. మిగతాది గడ్డం రెండో సగం పూర్తయ్యేలోపు అప్పారావు సంతోషం కోసం.

పుల్లల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. చెబితే ముందు నవ్వుతారు. నవ్వాక ఏమంటారో తెలీదు. అందుకని రాస్తున్నాను.

నన్ను రమ్మన్నవాడు ప్రభుదాసు. రాజమండ్రి కాలేజీలో మూడేళ్ళు నా పక్క బల్ల. వాళ్ళది కడియం. ఆ ఊరి నర్సరీల్లో పుట్టిన పిల్లలకు పాలపళ్ళకన్నా ముందు చేతిలోకి అంటుకత్తి వస్తుంది. మావాడైతే కాలేజీలో ఖాళీ పీరియడ్ దొరికితే ప్రిన్సిపాల్ గారి గులాబీకి ప్రిన్సిపాల్ గారి మందారాన్ని అంటు కట్టబోయిన ఘనుడు. నలభయ్యో ఏట, భార్య సునీతకు నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట కెనడా వెళ్ళాడు. టొరంటో పక్కన మిల్టన్‌లో ఉంటున్నారు. పదేళ్ళుగా అక్కడి జనాల పెరళ్ళలో చెట్లు కత్తిరించి, గడ్డి పరిచి, అంట్లు కట్టి బతుకుతున్నాడు.

చచ్చిన చెట్ల దేశం

ఏప్రిల్ నెలాఖరు శుక్రవారం దిగాను. విమానాశ్రయం నుంచి మిల్టన్ నలభై నిమిషాల దారి. ఆ నలభై నిమిషాల్లో ఒక్క ఆకు కనపడలేదు. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు బూడిద రంగులో, ఎవరో తుపాకీ చూపించినట్టు చేతులెత్తి నిలబడి ఉన్నాయి. దేశానికి దేశం తోటలన్నీ ఎండబెట్టుకుని, ఇంత నిశ్చింతగా కార్లు ఎలా నడుపుకుంటోందో నాకర్థం కాలేదు.

దారిలో కాఫీకి ఆగాం. మా తెలుగు విని కౌంటర్ వెనకాల అమ్మాయి తలెత్తింది. కరీంనగర్ పిల్ల. పొద్దున ఇక్కడ పని, మధ్యాహ్నం కాలేజీ.

"ఇప్పుడే దిగిన్రా అంకుల్? మొఖం జూస్తేనే ఎరుకైతది," అంది.

"అవునమ్మా. ఈ చెట్లన్నీ ఏ తెగులొచ్చి పోయాయి?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక కప్పు కింద పెట్టేసింది. "పోలేదంకుల్, పండుకున్నయ్. ఇంకో పదిహేను రోజులైతే మంచిగ లేస్తయ్. నేను వచ్చిన కొత్తల గూడ గట్లనే పరేషానైన. మా అమ్మకు ఫోన్ జేసి, అమ్మా ఈడ అన్నీ సచ్చినయే అని ఏడ్సిన."

ఎండిన పుల్ల ఎండినట్టు కాదని దిగిన గంటలోనే నాకు పాఠం చెప్పారు. కాఫీ రెండు డాలర్లు, పాఠం ఉచితం. కాఫీ ఒక్కటే లోపలికి దిగింది.

మిల్టన్ ఊరంతా ఒకే ఇల్లు. ఆ ఒక్క ఇంటినే ఎవరో లక్షసార్లు జిరాక్స్ తీసి వరసగా అంటించారు. మొదటిరోజు సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళి, తిరిగి మూడిళ్ళ తలుపులు కొట్టాను. మూడో ఇంట్లో పంజాబీ పెద్దావిడ నన్ను లోపల కూర్చోబెట్టి పరాటా పెట్టాక గానీ ప్రభు వచ్చి తీసుకెళ్ళలేదు.

ఫ్రిజ్‌లో చోటు

శనివారం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డ్యూటీకి పోయారు. ఆతిథ్యానికి బదులుగా చేపల పులుసు పెట్టి పడెయ్యాలని నిర్ణయించుకున్నాను. వీధి చివర సర్దార్జీ కొట్లో చేప దొరికింది. గోంగూర కట్ట నాలుగు డాలర్లని చూసి, దానికి దూరం నుంచే నమస్కారం పెట్టి వచ్చాను. రెండో తరగతి చదివే పిల్లవాడు కూర్చుని స్నానం చెయ్యగలిగినంత గిన్నె తీసి పులుసు కాచాను.

పులుసు వండిన పూట తినేది కాదు. మర్నాటికి గానీ ముక్కకు ఉప్పూ పులుపూ పట్టవు. అంత గిన్నెకూ ఫ్రిజ్‌లో చోటు కావాలి. వెతగ్గా వెతగ్గా, అడుగు అరలో మూరెడు పొడుగున ఒక కట్ట కనపడింది. పైన ప్లాస్టిక్ కవరు, లోపల తడి న్యూస్‌పేపరు, దాని లోపల పుల్లలు. పెన్సిలు లావున, మోడుగా, ఒక్క ఆకు లేకుండా. సునీత గోంగూర వలిచి, పరధ్యానంలో కాడలు దాచి ఆకు పారేసిందా అనుకున్నాను. నాలుగు డాలర్ల గోంగూర విషయంలో అలా జరగదు. ఏవో పొయ్యిలోకి తెచ్చుకున్న పుల్లలై ఉంటాయి, పాపం తడిసిపోయాయి అనుకున్నాను.

మా ఇళ్ళల్లో తడిసిన పుల్ల కనపడితే ఆరబెట్టకుండా దాటి వెళ్ళడం మహాపరాధం. తుఫాను వెలిసిన ఉదయం మా అమ్మ మమ్మల్ని తడిబట్టల్తోనే నిలబెట్టి, ముందు పుల్లలు ఎండలో పరిచేది. ఆ పెంపకంలో పెరిగిన చేతులివి. కట్ట విప్పాను. నాకిచ్చిన గది కింద బేస్‌మెంట్‌లో ఉంది. అక్కడ నేల మీద ఒక ఇనుప జాలీ, అందులోంచి రాత్రీ పగలూ వేడి గాలి వస్తుంది. దానిమీద పుల్లల్ని ఒకదానికొకటి తగలకుండా చక్కగా పేర్చాను. లెక్కపెట్టాను కూడా. పదకొండు.

ఖాళీ అయిన చోట గిన్నె సరిపోయింది. ఎవరో కొలిచి చేయించినట్టు సరిపోయింది.

జలపాతం, దాని చుట్టుపక్కల

ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరి మంగళవారం దాకా జలపాతం దగ్గరే తిరిగాం. దాని గురించి చెప్పాల్సింది పైన చెప్పేశాను. అక్కడ ఒక మ్యూజియంలో జలపాతంలోకి పీపాలో దూకినవాళ్ళ బొమ్మలున్నాయి. బతికినవాళ్ళకూ టిక్కెట్టే, పోయినవాళ్ళకూ అదే టిక్కెట్టు.

కారులో ప్రభు ఒక పెద్దాయన గురించి చెప్పాడు. "డచ్చాయనరా. పదేళ్ళుగా ఆయన తోట నేనే చూస్తున్నా. పద్యాలు చదువుతాడు. నువ్వు ఎంత పెద్ద కోతలు కోసినా ఓపిగ్గా వింటాడు. శనివారం ఇల్లు ఖాళీ చేసేస్తున్నాడు. ఎల్లుండి... కాదు, రేపే తీసుకెళ్తా."

మంగళవారం సాయంత్రం వచ్చి చూసుకుంటే పుల్లలు బ్రహ్మాండంగా ఎండాయి. చేత్తో ఎత్తితే గలగలమన్నాయి. సునీతకు చూపించి మెప్పు పొందాలనుకుని, ఆవిడ డ్యూటీలో ఉండటంతో రేపటికి వాయిదా వేశాను.

ఒక్క బిస్కెట్టు

హెండ్రిక్ గారిల్లు మిల్టన్ నుంచి ఓక్‌విల్ వెళ్ళే దారిలో ఉంది. మూడు వైపులా కొత్త ఇళ్ళు ముట్టడించగా మిగిలిన ఐదెకరాల చెక్క. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. కూర్చున్నప్పుడే నాకన్నా ఎత్తు. లేచి నిలబడేసరికి మొహం చూడ్డానికి నేను రెండడుగులు వెనక్కి జరగాల్సొచ్చింది. పదేళ్ళ వయసులో, యుద్ధం అయిపోయాక, అమ్మానాన్నలతో హాలండులో ఓడెక్కి వచ్చాడట. పిల్లలు లేరు. భార్య యోహన్నా పోయి మూడేళ్ళు. కిందటేడు స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగాక, ఇల్లూ నేలా తనే ఒక బిల్డరుకు అమ్మేశాడు. శనివారం ఓల్డేజ్ హోమ్‌కి వెళ్ళిపోతున్నాడు.

మావాడు ఆయన్ని ఎదురుగా కూడా 'హెండ్రిక్ గారూ' అనే పిలుస్తాడు. ఆయన పలుకుతాడు.

కాఫీ ఇచ్చాడు. రేకు డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు. ఒక బిస్కెట్ తీసుకున్నాను. మూత టప్పుమని పడింది, డబ్బా బీరువాలోకి వెళ్ళిపోయింది. నేను ప్రభు మొహంలోకి చూశాను.

"వాళ్ళ ఆచారంరా," అన్నాడు తెలుగులో, పెదాలు కదపకుండా. "కాఫీకి ఒకటే."

మా జిల్లాలో ఇంటికొచ్చినవాడు వద్దు వద్దంటూ స్పృహ తప్పేదాకా వడ్డిస్తాం. ఇక్కడ స్పృహ పూర్తిగా ఉండగానే కార్యక్రమం ముగిసింది.

తర్వాత ఆయన ఒక పాత పుస్తకం తీశాడు. తోలు అట్ట, అంచులు ఎలక కొరికిందా కాలం కొరికిందా తెలీదు. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో తోట పద్యాలని ఒక రకం ఉండేవట. ఓడల వ్యాపారంలో డబ్బు చేసుకున్న షావుకార్లు పట్నం గోల పడలేక నదుల గట్లమీద నేల కొని తోటలు వేసుకునేవాళ్ళు. వాటిమీద పద్యాలు రాసుకునేవాళ్ళు, చేతకాకపోతే రాయించుకునేవాళ్ళు. కవి గేటు దగ్గర చదువరి చెయ్యి పట్టుకుంటాడు. ఇక వదలడు. చెట్ల బాట, చేపల చెరువు, తేనెపట్లు, పళ్ళ తోట, కూరమళ్ళు, అన్నీ ఒక్కొక్కటీ ఆగి చూపించి, ప్రతిదాన్నుంచీ ఒక బుద్ధిమాట పిండి, చివరికి భోజనం పెట్టి పంపిస్తాడు.

"మన ప్రబంధాల్లోనూ వనవిహారం ఉంది కదా," అన్నాను నేను, మనవాళ్ళు తగ్గకూడదని. అమ్మాయి కాలితో తన్నితే అశోకం పూస్తుందని, పుక్కిలించి ఉమ్మితే పొగడ పూస్తుందని చెప్పాను. హెండ్రిక్ గారు చాలాసేపు ఆలోచించి, "ఎరువు ఎంత వేసేవాళ్ళు?" అని అడిగాడు.

ఎరువు సంగతి మన కవులు ఎత్తలేదని ఒప్పుకున్నాను. వీళ్ళ పుస్తకంలో ఎరువుంది. క్యాబేజీ మీద పద్యాలున్నాయి! మనవాళ్ళు మల్లెమీద కొన్ని వేల పద్యాలు రాసుంటారు, రోజూ అన్నంలో కలుపుకునే గోంగూర ఊసు ఒక్కడైనా ఎత్తాడా అని నాకు అక్కడే దుఃఖం వచ్చింది.

ఆ షావుకార్ల ఓడలు మా పాలకొల్లుకీ నర్సాపురానికీ కూడా వచ్చేవని, మా నేత బట్టలు తీసుకెళ్ళేవని చెప్పాను. "అయితే ఆ తోటల్లో కొంత మా బట్టల డబ్బు కూడా ఉంటుంది. నా వాటా ఒక్క బిస్కెట్టేనా?" అన్నాను.

ఆయన నవ్వాడు. ఇల్లంతా కదిలేంత నవ్వు. లేచి బీరువా తెరిచి డబ్బా మళ్ళీ తెచ్చాడు.

"పదేళ్ళలో చూళ్ళేదురా ఇది," అన్నాడు ప్రభు.

గోడ దగ్గర

వాళ్ళింటికి ఎవరొచ్చినా తోట చూపించి పంపడం ఆయన ఆనవాయితీ. అదీ పుస్తకంలో వరసలోనే, గేటు దగ్గర మొదలుపెట్టి. చేతికర్ర పట్టుకుని బయల్దేరాడు. ప్రతి మలుపులో ఆగి, ఆ పద్యాల్లోంచి నాలుగు ముక్కలు డచ్చిలో చదివి, ఇంగ్లీషులో చెప్పేవాడు. చెట్ల బాట దగ్గర ఆగాడు. చెట్లకు బిల్డరు మనుషులు ఎర్ర రిబ్బన్లు కట్టి ఉన్నారు, కొట్టెయ్యడానికి. చెరువు దగ్గర ఆగాడు. సగం మట్టితో పూడ్చేశారు. కూరమడి దగ్గర ఆగి క్యాబేజీ పద్యం చదివాడు. మడిలో టైర్ల జాడలు తప్ప ఏమీ లేదు. లేని తోటను ఆయన ఉన్నంత తీరిగ్గా చూపించాడు.

"ఈ పద్యాల్లో చెట్టు ఎప్పుడూ చెప్పిన మాట వింటుంది," అన్నాడు నడుస్తూ. "దేవుడు తోటను సగం చేసి, మిగతాది తమకు వదిలిపెట్టాడని ఆ షావుకార్ల నమ్మకం. మా నాన్నా అలాగే అనుకునేవాడు. ఇక్కడ మొదటి చలికాలానికి ఆయన పెట్టినవన్నీ పోయాయి. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట అనలేదు."

చివర్లో ఒక ఇటుక గోడ. సగం పడగొట్టారు. మిగిలిన సగానికి వరసగా మేకులు, మేకుల మధ్య ఇనుప తీగలు. కింద గొయ్యి.

అక్కడ బేరిచెట్టు ఉండేదట. గోడకు ఆనించి, కొమ్మల్ని రెండు వైపులా దువ్వెన పళ్ళలా సమంగా లాగి కట్టి పెంచిన చెట్టు. ఓడలో వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కొన్ని పుల్లల్ని బంగాళాదుంపల్లో గుచ్చి, తడి గోనెలో చుట్టి తెచ్చింది. నాన్న తెచ్చినవన్నీ పోయాయి, అమ్మ తెచ్చిన వాటిల్లో ఒక్క పుల్ల అంటుకుంది. ఆ కాయ పచ్చిగా తింటే రాయి. దాల్చినచెక్క వేసి సన్నటి సెగమీద మూడు గంటలు ఉడికిస్తే తెల్లటి ముక్క మందారం రంగుకు తిరుగుతుంది.

"క్రిస్మస్‌కి యోహన్నా గారు చేసేవారు," అన్నాడు ప్రభు. "సునీత రంగు వేశారనుకుని గిన్నె కడిగి చూసింది."

"దాని పేరేంటి?" అన్నాను.

"తెలీదు. మేం అమ్మ బేరి అనేవాళ్ళం," అన్నాడు హెండ్రిక్ గారు. "అక్కడ మా ఊరి తోట ఎప్పుడో రోడ్డు కిందకి పోయింది. ఇంకెక్కడైనా ఉందేమో. పేరు లేని దాన్ని ఏమని వెతుకుతాం?"

బిల్డరుకు ముందు ఈ వైపే కావలసొచ్చిందట. జనవరిలో కొట్టేశారు.

ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "ఇందులో ఉన్న తోటలు దాదాపు అన్నీ పోయాయి. పద్యాలు మిగిలాయి. అది గొప్ప అని అందరూ అంటారు. నాకు పద్యాలు అక్కర్లేదు. యోహన్నాకు మాటిచ్చాను, నేను పోయేలోపు ఆ చెట్టును ఇంకో చోట నిలబెడతానని." తర్వాత ప్రభు భుజం మీద చెయ్యి వేశాడు. "కొట్టేసే ముందురోజు మంచులో నిలబడి పుల్లలు కోశాడు. పదకొండు. వసంతం దాకా ఎండకుండా, నిద్ర లేవకుండా తడి కాగితంలో చుట్టి వాళ్ళ ఫ్రిజ్‌లో దాచాడు. శనివారం అంటు కడతాం."

అంకె విన్నాక ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. ఆయన ఏదో అడిగాడు, నేను అవునన్నాను. ప్రభు నవ్వుతున్నాడు. నా కాళ్ళ దగ్గర గొయ్యి ఉంది. అంతే.

బేస్‌మెంట్

ఇంటికి రాగానే కిందకి పరిగెత్తి, పదకొండు పుల్లల్నీ నీళ్ళ తొట్టెలో వేశాను. తేలాయి. తొట్టె పక్కన కూర్చుని ఒక్కోదాన్నీ వేలితో ముంచుతున్నాను. వదలగానే పైకి వస్తున్నాయి. ప్రభు ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

చెప్పాను. తడి కాగితం, జాలీ, పులుసు గిన్నె, అన్నీ చెప్పాను. నా జన్మలో ఒక సంగతిని ఉన్నదున్నట్టు, అంత పొట్టిగా చెప్పడం అదే మొదటిసారి.

వాడు తిట్టలేదు. ఒక పుల్ల తీసుకుని బొటనవేలి గోరుతో గీకాడు. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగు. ఇంకోటి గీకాడు. గోధుమరంగు. మూడోది తీసి, గీకకుండా పెట్టేశాడు.

"ఫ్రిజ్‌లో లేకపోతే మీరే గరాజ్‌లోకి మార్చారనుకున్నానండీ," అంది వెనక నుంచి సునీత, ఏడుపు గొంతుతో.

"ఒరేయ్ మూర్తీ," అన్నాడు ప్రభు చివరికి. "నేనొచ్చిన కొత్తల్లో యోహన్నా గారి గులాబీలు పన్నెండు పీకి పారేశాన్రా. ఆకు లేదు కదా, చచ్చాయనుకున్నా. కడియం వాణ్ణి! ఆవిడ ఒక్క మాట అన్లేదు. నిద్రపోతుంటే లేపావు అన్నారంతే. మళ్ళీ కొనుక్కొచ్చి పెట్టాం." తొట్టెలోకి చూశాడు. "అవి కొంటే దొరికేవి."

నేను గొంతు తగ్గించి, "ఇంకేదైనా బేరి కొమ్మ తెచ్చి కట్టేద్దాంరా. పుల్ల పుల్లలాగే ఉంటుంది. ఆయనకేం తెలుస్తుంది?" అన్నాను.

"నాలుగేళ్ళకి కాయ చెప్పేస్తది."

"నాలుగేళ్ళకి ఆయన ఉండడు కదరా."

వాడు నా వైపు చూశాడు. కాలేజీ రోజుల నుంచీ వాణ్ణి ఏడిపించని రోజు లేదు. ఒక్కసారైనా అలా చూడలేదు.

"అందుకే చెయ్యకూడదు," అన్నాడు.

శనివారం

ఇల్లు ఖాళీ అయిపోయింది. వంటింట్లో ఒక స్టూలు మీద హెండ్రిక్ గారు కోటు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా బల్లమీద న్యూస్‌పేపరు పరిచి, దానిమీద కత్తి, టేపు, మైనం, కుండీలో మూరెడు బేరిమొక్క సిద్ధంగా పెట్టుకున్నాడు. పైన కట్టే పుల్ల ఏ రకమైనా, కింద వేరున్న నాటుమొక్క కావాలి. ప్రభు దాన్ని రెండేళ్ళుగా పెంచుతున్నాడు.

నేను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తయారుచేసుకుని వెళ్ళాను. ప్రభు కట్ట బల్లమీద పెట్టాడు. ఆయన విప్పాడు. ఒక పుల్ల అందుకోగానే ఆ చేతికి తెలిసిపోయింది. బరువు లేదు. నా నాలుగు వాక్యాలూ ఎటుపోయాయో పోయాయి.

గోరుతో గీకాడు. పక్కన పెట్టాడు. రెండోది. మూడోది. తొందర లేదు. ఒక్కోదాన్నీ కిటికీ వెలుగులో తిప్పి చూసి, చివర్లూ మధ్యా గీకి, వరసగా పేర్చాడు. ఏడోది, ఎనిమిదోది. బయట లారీవాడు హారన్ కొట్టాడు. పదోదాన్ని రెండుసార్లు గీకాడు. పదకొండోది చాలాసేపు చేతిలో ఉంచుకున్నాడు, తర్వాత అదీ గీకాడు.

"నేనండీ," అన్నాను. "నేనే. వేడిగాలి మీద ఆరబెట్టాను."

"ఎందుకు?" కోపంగా అడగలేదు. తెలుసుకోడానికి అడిగాడు.

"తడిగా ఉన్నాయని."

"మీ ఊళ్ళో పుల్లలు తడిస్తే ఆరబెడతారా?"

"ఆరబెడతామండీ. మా అమ్మ..."

ఆయన తలాడించాడు. "మా అమ్మ తడిపి ఉంచింది," అన్నాడు. పదకొండు రోజులు ఓడలో, తాగే నీళ్ళల్లోంచి మిగిల్చి, రోజూ గోనె తడిపేదట. తిట్టినా బాగుండేది. అంత పొడుగు మనిషి స్టూలు మీద ఎలా ఇమిడిపోయాడో, నా భుజం దాకా కూడా లేడు.

కాసేపటికి కత్తి తీసి పిడి వైపు నుంచి ప్రభుకు అందించాడు.

"కడదాం."

ప్రభు స్టూలు పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. పదకొండోదే తీసుకున్నాడు. ఏటవాలుగా ఒక్క కోత, మళ్ళీ నాటుమొక్కకు దానికి సరిపోయే కోత. నేను కుండీ పట్టుకున్నాను. ప్రభు కోతకు కోత ఆనిస్తే, బెరడు అంచులు కలిశాయో లేదో హెండ్రిక్ గారు కళ్ళజోడు తీసి మరీ చూశాడు. కొంచెం ఎడమకి అన్నాడు. ప్రభు కొంచెం ఎడమకి జరిపాడు. టేపు చుట్టాడు. పైన మైనం రాశాడు. వాడు కడియంలో కట్టినా కెనడాలో కట్టినా అంత శ్రద్ధగా ఒక్క అంటూ కట్టి ఉండడు.

కారులో కుండీ ఆయన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. సీటుబెల్టు దాని మీదుగా పెట్టించుకున్నాడు. తోట వైపు చూస్తాడనుకున్నాను. ఆయన టేపు చుట్టిన చోటే చూస్తూ కూర్చున్నాడు. మేం గేటు దాటాం.

ఫోన్

మొన్న ఆదివారం ప్రభు ఫోన్ చేశాడు. అక్కడిప్పుడు చెట్లన్నీ లేచాయట. ఊరు పచ్చగా ఉందట. ఆ గోడ ఉన్నచోట రోడ్డు వేసేశారట.

"ఆయనెలా ఉన్నారు?" అన్నాను. అడగడానికి నెలన్నర పట్టింది.

"బానే ఉన్నారు. కుండీ కిటికీలో పెట్టుకున్నారు. కింద మొక్క చిగుళ్ళు వేస్తోంది."

"చిగురా?"

"నాటుమొక్క చిగుర్రా. టేపుకి కింద. అంటు కట్టాక అది దాని సొంత కొమ్మలు వేసేస్తది. వాటిని ఉంచితే బలమంతా అవే లాగేసుకుంటాయి, పైన పుల్లకి అందదు. అందుకని రోజూ చూసుకుని గిల్లెయ్యాలి. కట్టినవాడు ఎవడైనా చేసే పనే," అన్నాడు. "గిల్లుతున్నారు. రోజూ పొద్దున్నే."

"పైన పుల్ల..."

"పైన పుల్ల ఎలా ఉందో అలాగే ఉంది."

"ఒరేయ్, ఉన్న చిగుళ్ళన్నీ గిల్లుకుంటూ పోతే ఆ కింద మొక్క కూడా చచ్చిపోదూ?" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది ఎవరితో అంటున్నానో.

"ఆయనకి తెలీదంటావా? డెబ్భై ఏళ్ళు అంట్లు కట్టిన చెయ్యి."

"మరి నువ్వు చెప్పొద్దూ?"

ప్రభు నెమ్మదిగా అన్నాడు.

"చర్చి అయ్యాక వెళ్తున్నాన్రా వారం వారం. కళ్ళు ఆనట్లేదు ఆయనకి, మరీ చిన్న చిగుళ్ళు కనపడవు. కుండీ నా వైపు తిప్పుతారు. నేను గిల్లుతా."